గ్లాసంత డిస్టిలరీ

గ్లాసు కెప్టెన్ సామ్యూల్ పెదవులకు బెత్తెడు దూరంలో ఉండగా ఎక్సైజు వాళ్ళు విరుచుకుపడ్డారు.

"ఎవరూ కదలొద్దు! ఎవరూ మింగొద్దు!"

కేక వేసింది ఇన్‌స్పెక్టర్ కలిశెట్టి గవరయ్య. అతని వెనక వచ్చిన కానిస్టేబుళ్ళలో ఒకడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఒకడు సముద్రం వైపు కిటికీ కాశాడు. మూడోవాడు ఒక్కడే ఐస్ బకెట్‌ని చుట్టుముట్టాడు.

కౌంటర్ వెనక సూరాడ ఎల్లాజీ రెండు చేతులూ పైకెత్తాడు. కుడిచేతిలో పొడుగాటి మెలికల చెంచా ఉంది. దాన్నీ పైకెత్తాడు.

"ఆ ఆయుధం కింద పెట్టు."

"సెంచా అండి బాబూ. కలపడానికి."

"కలిపానని ఒప్పుకున్నాడు, రాసుకో," అన్నాడు గవరయ్య కానిస్టేబుల్‌తో.

ఇదంతా జరుగుతున్నది ఏ సారా బట్టీ దగ్గరో కాదు. విశాఖపట్నం బీచిరోడ్డులో, సర్కారు వారి పర్యాటక సంస్థ నడిపే సాగరమాధురి హోటల్లో, సాయంత్రం సూర్యుడు ఇంకా పూర్తిగా కుంకకముందే. గోడ మీద అన్ని లైసెన్సులూ అద్దాల ఫ్రేముల్లో వేలాడుతున్నాయి.

ఎల్లాజీ జాలరిపేట మనిషి. పుష్కరకాలం పాటు విదేశీ ఓడల మీద బార్లలో పనిచేశాడు. ఎనిమిదేసి నెలలు నీళ్ళ మీద, రెండేసి నెలలు నేల మీద. కిందటేడు భార్య నూకరత్నం తేల్చి చెప్పేసింది: "ఇంకోపాలి ఓడెక్కినావంటే, దిగినాక ఏ ఊరెల్తావో సూసుకో. ఈ ఇంటికి మాత్రం రాకు." అందుకే జీతం సగమైనా సాగరమాధురిలో ఏడాది కాంట్రాక్టు మీద చేరాడు. ఆ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. పర్మినెంటు చేస్తే ఇల్లు. లేకపోతే మళ్ళీ ఓడ.

పర్మినెంటు కావడానికి ఒకే ఒక్క పరీక్ష పెట్టారు. మన్‌హాటన్ చేయాలి.

దానికీ ఒక కథ ఉంది. సంస్థ చైర్మన్ గారు ఆ మధ్య అధ్యయన యాత్రకి విదేశం వెళ్ళి, మొదటి సాయంత్రమే మన్‌హాటన్ అనే కాక్‌టెయిల్ తాగి, మిగతా యాత్రంతా దాన్నే అధ్యయనం చేసి వచ్చారు. "మన్‌హాటన్ లేని పర్యాటకం చింతపండు లేని పులుసు" అని విమానాశ్రయంలోనే ప్రకటించారు. వచ్చే శనివారం మంత్రిగారి చేతుల మీదుగా మన్‌హాటన్ మహోత్సవం ప్రారంభం. ఊరంతా ఫ్లెక్సీలు కట్టేశారు.

నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. రై అని చలిదేశాల్లో పండే ధాన్యం ఒకటుంది. దానితో కాచిన విస్కీ, మిరియం కొరికినట్టు నాలుక మీద చురుక్కుమంటుంది. అది రెండు పాళ్ళు. మూలికలు నానబెట్టిన తియ్యటి వైన్, వెర్మూత్ అంటారు, అది ఒక పాలు. చేదు కషాయంలాంటి బిట్టర్స్ రెండు చుక్కలు. ఐసు వేసి నిదానంగా తిప్పి, వడకట్టి, చల్లబరిచిన గ్లాసులో పోసి, అడుగున ఒక చెర్రీ వెయ్యాలి. గిలక్కొట్టకూడదు. గిలక్కొడితే మజ్జిగలా తెల్లబడి మసకేస్తుంది.

ఆ సాయంత్రం ఎల్లాజీ చేసింది మొట్టమొదటి గ్లాసు. రుచి చూడటానికి ముందుకొచ్చింది కెప్టెన్ సామ్యూల్. హార్బర్‌లోకి ఓడల్ని నడిపించుకొచ్చే పైలట్‌గా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. కుర్రతనంలో ఏదో పరాయి రేవులో ఒక్కసారి తాగిన మన్‌హాటన్‌ని ఇంకా తలుచుకుంటూనే ఉన్నాడు.

"ఏం నేరం నాయనా మాది?" అన్నాడు కెప్టెన్, గ్లాసు వదలకుండా.

"రెండు సీసాల మద్యాన్ని ఒక పాత్రలో కలిపి మూడో మద్యం పుట్టించారు," అన్నాడు గవరయ్య. "డిస్టిలరీ లైసెన్సు లేకుండా మద్యం ఉత్పత్తి. ఐసు కరిగి నీళ్ళు చేరాయి కాబట్టి పైన కల్తీ కూడా."

గ్లాసు మూతికి గుడ్డ కట్టి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి సీలు వేశాడు. కొవ్వొత్తి సెగకి గ్లాసు వేడెక్కడం చూసి కెప్టెన్ కళ్ళు మూసుకున్నాడు. చెర్రీని వేరే పొట్లం కట్టారు.

"అదెందుకండి?" అన్నాడు ఎల్లాజీ.

"ప్రత్యక్ష సాక్షి," అన్నాడు గవరయ్య.

*

మర్నాడు మధ్యాహ్నం ఎల్లాజీనీ, హోటల్ జనరల్ మేనేజర్ నిష్ఠల సూర్యకళనీ ఎక్సైజు సూపరింటెండెంట్ ఆఫీసుకి పిలిపించారు.

సూపరింటెండెంట్ దువ్వూరి త్రివిక్రమరావు మద్యం ముట్టని మనిషి. ఆ సంగతి ఆయన పరిచయమైన ప్రతివాళ్ళకీ, పరిచయం కాకముందే చెబుతాడు. భోజనం చేశాక మాత్రం అరుగుదలకి ద్రాక్షారిష్టమనే ఆయుర్వేద మందు పుచ్చుకుంటాడు. వీళ్ళు వెళ్ళేసరికి అటెండరు గోధుమరంగు సీసాలోంచి అర గ్లాసు వంచి, సమానంగా నీళ్ళు పోసి చేతికందించాడు. ఆయన కళ్ళు మూసుకుని తాగాడు. "హా" అన్నాడు. ముఖం విచ్చుకుంది.

"మీపై మోపబడిన అభియోగం మీకు విదితమేనా?"

"లేదండి. నాకు తెలిసింది మన్‌హాటనే అండి," అన్నాడు ఎల్లాజీ.

సూర్యకళ కల్పించుకుంది. "సార్, అది కాక్‌టెయిల్. ప్రపంచమంతా ఇలాగే కలుపుతారు."

"ప్రపంచం మా పరిధిలోకి రాదమ్మా."

"మన బార్లలో మాత్రం విస్కీలో సోడా కలపటం లేదా?"

త్రివిక్రమరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ఈ ప్రశ్న కోసమే ఉద్యోగంలో చేరినట్టున్నాడు.

"ఎవరు కలుపుతున్నారు? సర్వరు సోడా మూత తీస్తాడు. 'పొయ్యమంటారా సార్' అని అడుగుతాడు. తాగేవాడు తల ఊపుతాడు. అప్పుడు పోస్తాడు. ఆ తల ఊపులో ఉంది చట్టమంతా. అమ్మేవాడు నీళ్ళు కలిపితే కల్తీ. తాగేవాడు కలుపుకుంటే అలవాటు. ప్రజల అలవాట్ల జోలికి శాఖ పోదు."

"కెప్టెన్ గారు కూడా తలూపేరండి," అన్నాడు ఎల్లాజీ ఆశగా.

"సోడా మద్యం కాదు. మీరు కలిపినవి రెండూ మద్యాలే. రెండు మద్యాలు కూడి మూడోది జనించిన స్థలం, అది గదైనా గుంటైనా గ్లాసైనా, ఉత్పత్తి కేంద్రమే. ఉత్పత్తి కేంద్రానికి డిస్టిలరీ నిబంధనలు యథాతథంగా వర్తిస్తాయి. ఇందులో శాఖకు వ్యక్తిగత ద్వేషమేమీ లేదు."

మెట్లు దిగుతూ సూర్యకళ ఒక్క క్షణం ఆగింది.

"చూడండి ఎల్లాజీ. శనివారం మన్‌హాటన్ తయారు కాలేదనుకోండి, చైర్మన్ గారు నన్ను అరకు గెస్ట్‌హౌస్‌కి తోలేస్తారు. వెళ్ళేముందు నేను చేసే ఆఖరి సంతకం మీ కాంట్రాక్టు రద్దు మీద ఉంటుంది."

"మరేటి సేద్దామండి?"

"చేసేదేముంది? గ్లాసుని డిస్టిలరీ చేద్దాం."

*

ప్రభుత్వ సంస్థ తలుచుకుంటే కాని పని ఉండదు. కాకూడని పని అయితే ఇంకా త్వరగా అవుతుంది.

రెండు రోజుల్లో ఎల్లాజీ కౌంటర్ మీద మన్‌హాటన్ కలిపే గాజు జగ్గు చుట్టూ ఇటుకలతో మూరెడు ఎత్తు ప్రహరీ లేచింది. ప్రహరీకి గేటు. గేటుకి రెండు తాళాలు, ఒకటి సంస్థది, ఒకటి శాఖది. డిస్టిలరీకి పొగగొట్టం ఉండాలి కాబట్టి జగ్గు మూతకి ఫిల్టరు కాఫీ గొట్టమంత ఇత్తడి గొట్టం అతికించారు. "పొగ రాదు గదండీ," అన్నాడు ఎల్లాజీ. "రాకపోతే అది మీ సామర్థ్య లోపం," అన్నాడు గవరయ్య. షిఫ్టు మొదలైనప్పుడు సైరన్ మోగాలన్నారు. జగ్గుకి సైరన్ అమర్చే వీలు లేక, చెంచా ముట్టుకునే ముందు ఎల్లాజీయే నోటితో కూయాలని తీర్మానించారు.

అతను కూశాడు. కెప్టెన్ సామ్యూల్ బల్ల మీద తల ఆనించుకున్నాడు.

అంతా సజావుగానే పోయేది. తనిఖీకి వచ్చిన త్రివిక్రమరావు దగ్గర ఎల్లాజీ నోరు జారాడు.

"ఇందులో రకాలున్నాయండి. తియ్య వెర్మూత్ తీసేసి చప్పది పోసి, చెర్రీ బదులు నిమ్మతొక్క ఏస్తే డ్రై మన్‌హాటన్. తియ్యది సగం, చప్పది సగం పోస్తే పర్ఫెక్ట్ మన్‌హాటన్. వెర్మూత్ బదులు చేదుమూలికల మద్యం పోస్తే నల్ల మన్‌హాటన్. రై తీసేసి స్కాచ్ పోస్తే పేరే మారిపోద్దండి, రాబ్ రాయ్ అంటారు."

త్రివిక్రమరావు పెన్ను తీశాడు.

"ఒక సీసా మారితే ఒక బ్రాండు. ఒక్కో బ్రాండుకి ఒక్కో రిజిస్ట్రేషన్, ఒక్కో ప్రహరీ, ఒక్కో పొగగొట్టం. నిమ్మతొక్క ప్యాకింగ్ మార్పు కిందకి వస్తుంది. అన్నట్టు, ఒకదానికి పర్ఫెక్ట్ అని పేరు పెట్టారంటే మిగతావి లోపభూయిష్టమని సంస్థే అంగీకరిస్తున్నట్టు. లోపభూయిష్ట మద్యాన్ని ప్రజలకు ఎలా అమ్మదలచుకున్నారు?"

సాయంత్రానికి కౌంటర్, ప్లాట్లు వేసిన రియల్ ఎస్టేటు వెంచర్‌లా తయారైంది. ఇటుకల మధ్య గ్లాసు పెట్టడానికి చోటు లేదు.

ఆఖరి సంతకం పెట్టబోతూ త్రివిక్రమరావు కిటికీలోంచి బయటికి చూశాడు. పెన్ను ఆగిపోయింది.

"అదేమిటి?"

అందరూ అటు చూశారు.

"సముద్రం సార్," అంది సూర్యకళ.

"తీరానికి ఇంత సమీపంలో డిస్టిలరీ కట్టడం నిషిద్ధం. గ్లాసుని వెనక్కి జరపాలి."

"ఎంత వెనక్కండి?"

"సముద్రం కనపడనంత."

డిస్టిలరీ లైసెన్సు దరఖాస్తు తిరస్కరించారు. ఇటుకలు మాత్రం సాక్ష్యం కింద అక్కడే ఉంచేశారు.

*

ఆ రాత్రి ఎల్లాజీ అన్నం కలపడం మర్చిపోయి కంచంకేసి చూస్తూ కూర్చున్నాడు. నూకరత్నం చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏటి, కంచంలో ఓడ గానీ కనబడతందా?"

సంగతంతా చెప్పాడు. ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది.

"ఈ మాయదారి గోలేటి? మీ నాయన కిళ్ళీ ఏసుకునీవోడా, లేదా? ఆకేరు, వక్కేరు, సున్నమేరు. అయ్యన్నీ ఎక్కడ కలిసీవి? నోట్లోనే గదా! కలిసినాక ఎర్రగా పండీది. దానికి ఏ ఇనస్పెట్రు వొచ్చినాడు?"

ఎల్లాజీ కంచం ముందునుంచి లేచి నిలబడ్డాడు. అతని కళ్ళు మెరిశాయి. అంత తెలివైన మాట విన్నప్పుడు మనిషి కొంచెం భయపడాలి. అతను భయపడలేదు.

మర్నాడు రిహార్సల్. అతిథి కెప్టెన్ సామ్యూల్. పథకం చాలా సులువు. ముందు గుక్కెడు రై, మింగకుండా బుగ్గలో పెట్టుకోవాలి. దానిమీద అరగుక్కెడు వెర్మూత్. నాలుక మీద హోమియోపతి డ్రాపరుతో రెండు చుక్కల బిట్టర్స్. పక్క బుగ్గలో ఐసు ముక్క. ఎవరూ ఏదీ కలపరు. కిళ్ళీ లాగే, అదే కలుస్తుంది.

"తల ఊపమంటావా?" అన్నాడు కెప్టెన్.

"అమ్మో, ఊపకండి బాబూ! మసకేసిపోద్ది. దీన్ని నిదానంగా తిప్పాలి."

"తలకాయని ఎలా తిప్పుతావురా?"

అదీ ఆలోచించే ఉంచాడు ఎల్లాజీ. అకౌంట్స్ సెక్షన్ నుంచి తెచ్చిన గిర్రున తిరిగే కుర్చీని ముందుకి తోశాడు. కెప్టెన్ కూర్చున్నాడు. రై పుచ్చుకున్నాడు. మిరియపు ఘాటు బుగ్గలో రగిలింది. ఏళ్ళనాటి ఆ పరాయి రేవు కళ్ళముందు కదిలింది కాబోలు, కళ్ళు చెమర్చాయి. వెర్మూత్ కోసం నోరు తెరిచాడు.

తలుపు దడాలున తెరుచుకుంది.

"మింగొద్దు!" పథకం ముందే పొక్కినట్టుంది, గవరయ్య చేతిలో తాజా సర్క్యులర్ ఉంది. దాన్ని నిలబడే చదివాడు. "'నోరు అనగా ఉత్పత్తి కేంద్రము. గొంతు అనగా సరఫరా మార్గము. పొట్ట అనగా నిల్వ గోదాము. పైన ఉదహరించిన మూడింటికీ లైసెన్సు లేని వ్యక్తి రెండు మద్యములను తనయందు కలుపుకొనుట నేరము.' కక్కండి కెప్టెన్ గారూ."

కెప్టెన్ బేసిన్ దగ్గరికి నడిచిన నడక చూస్తే, మునిగే ఓడని చివరగా వదిలే నావికుడు గుర్తొచ్చాడు.

సూర్యకళ సర్క్యులర్ తీసుకుని కింది పేరా దాకా చదివింది. చదువుతుంటే ఆమె నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"గవరయ్య గారూ, 'గోదాములోని సరుకు రవాణా పర్మిట్ లేకుండా కదలరాదు' అన్నారు. అంటే తాగిన అతిథి హోటల్ దాటి వెళ్ళకూడదా?"

"అరిగేదాకా వెళ్ళకూడదండి. శాఖ లెక్కన అరగటానికి మూడు రోజులు."

"మూడు రోజులూ ఇక్కడే రూములో ఉండాలా?"

"సీలు వేసి ఉంచాలండి."

"గవరయ్య గారూ," అంది సూర్యకళ గద్గదంగా, "కాఫీ తాగుతారా?" ఈ హోటల్లో గదులు నిండి ఎన్నేళ్ళయిందో ఆమెకు తెలుసు.

అలా సంస్థకీ, శాఖకీ తొలిసారి సామరస్యం కుదిరింది. ఇక కావలసింది లైసెన్సున్న పొట్ట. అదే దొరకలేదు. మొదటి దరఖాస్తు కెప్టెన్‌దే. స్కానింగ్ తీయించి, పొట్ట సైట్ ప్లాన్ జతచేసి, ఇరుగుపొరుగుల నిరభ్యంతర పత్రంతో సహా ఇచ్చాడు. తిరస్కరించారు. దశాబ్దాలుగా రమ్ము నిల్వ చేసిన గోదాములో కొత్త సరుకు కలిస్తే స్వచ్ఛత పోతుందట. ఇంతవరకూ మద్యం చుక్క తగలని పొట్టకే అనుమతి ఇస్తామన్నారు.

అంటే మన్‌హాటన్ తాగాలంటే మద్యం తాగనివాడై ఉండాలి. ఊళ్ళో మద్యం తాగని వాళ్ళంతా, వింతగా, మన్‌హాటన్ కూడా వద్దన్నారు.

శనివారం రానే వచ్చింది.

*

షామియానా, మేళం, పూలదండలు, టీవీ కెమెరాలు. వేదిక మధ్యలో తివాచీ మీద గిర్రున తిరిగే కుర్చీ, చేతులకి చేమంతి దండలు చుట్టి. దాని పక్కన ఎల్లాజీ. కొత్త చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. జేబులో ఫోను వణికింది. నూకరత్నం.

"అయ్యిందేటి?"

"ఇంకా లేదు."

"అవ్వకపోతే?"

అతను కుర్చీకి జారిన చేమంతి దండ సర్దాడు. "నీ పెట్టి అటకమీంచి దించనేదు నాను," అని మాత్రం అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఓడెక్కినప్పుడల్లా పట్టుకెళ్ళే పెట్టె అది.

మంత్రిగారు కుర్చీ చూసి అడుగు వెనక్కేశారు.

"నేనా? కెమెరాల ముందు మద్యమా? నియోజకవర్గంలో ఆడవాళ్ళు చీపుళ్ళు తిరగేస్తారయ్యా! ఎవరైనా తాగండి, నేను చప్పట్లు కొడతా."

చైర్మన్ గారు తాము విదేశంలో తాగిన సంగతి అధ్యయనం తప్ప అనుభవం కాదని అప్పటికే పత్రికల వాళ్ళకి చెప్పి ఉన్నారు. సూర్యకళ చూపు వేదికంతా వెతికి, ముందువరసలో ఒకచోట ఆగింది.

"సార్," అంది మంత్రిగారితో, "ఈ జిల్లాలో మద్యం చుక్క ముట్టనివారు, రికార్డు ప్రకారం, ఒక్కరే ఉన్నారు."

త్రివిక్రమరావు లేచి నిలబడ్డాడు. తప్పించుకోవడానికి అనుకున్నారంతా. కాదు. ఆయన ముఖంలో త్యాగం వెలిగింది.

"ప్రభుత్వోద్యోగి వ్యక్తిగత అభిరుచులకు అతీతుడు. విధినిర్వహణలో భాగంగా ఈ పొట్టను ప్రజలకు అంకితం చేస్తున్నాను."

తన పొట్టకి తానే దరఖాస్తు పెట్టుకున్నాడు. తానే పరిశీలించాడు. ఒకచోట అభ్యంతరం చెప్పుకుని, దానికి సంతృప్తికరమైన వివరణ ఇచ్చుకుని, లైసెన్సు మంజూరు చేసుకున్నాడు. కుర్చీలో కూర్చోగానే పొట్టకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు భయంభయంగా కత్తిరించారు. మేళం మోగింది.

ఎల్లాజీ ఊపిరి బిగబట్టాడు. గుక్కెడు రై. అరగుక్కెడు వెర్మూత్. రెండు చుక్కలు. బుగ్గలో ఐసు. కుర్చీ వీపు పట్టుకుని, సముద్రం మీద కెరటం తిరిగినంత నిదానంగా తిప్పాడు. సూపరింటెండెంట్ బుగ్గలు గుమ్మడికాయల్లా ఉబ్బి, వేదిక మీద ఒక్కో దిక్కునీ గంభీరంగా చూస్తూ తిరిగాయి. ఆపాడు. నోట్లో చెర్రీ పెట్టాడు.

గుటక్.

చప్పట్లు మిన్నంటాయి. ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు. అటకమీద పెట్టె అటకమీదే ఉండిపోయినట్టు కనిపించింది.

"ఆపండి!"

గవరయ్య వేదికెక్కుతున్నాడు. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. చేతిలో గోధుమరంగు సీసా ఉంది.

"సార్, మీ దగ్గరే నేర్చుకున్నాను సార్. ఎవరినీ వదలొద్దన్నారు సార్. మధ్యాహ్నం భోంచేశాక మీరు ద్రాక్షారిష్టం పుచ్చుకున్నారు. సీసా మీద రాసి ఉంది సార్, ఇందులో సహజంగా పుట్టిన ఆల్కహాలు ఉంటుందని. అంటే గోదాములో పాత నిల్వ ఉంది. దానిమీద ఇది కలిసింది. ఇప్పుడు లోపల ఉన్నది మన్‌హాటన్ కాదు సార్. రిజిస్టరు కాని కొత్త మద్యం!"

మేళం మధ్యలో ఆగిపోయింది. మంత్రిగారు చైర్మన్ గారికేసి చూశారు. చైర్మన్ గారు సూర్యకళకేసి చూశారు. సూర్యకళ ఎల్లాజీకేసి చూసింది. ఆ చూపులో అరకు చలి ఉంది. మన్‌హాటన్ కాకపోతే మహోత్సవం లేదు, పర్మినెంటు లేదు, ఇల్లు లేదు.

ఎల్లాజీ ఒక్కసారి ముందుకి ఉరికి మైకు అందుకున్నాడు.

"అది మన్‌హాటనే అండి! అదో రకం! ఒక సీసా మారిస్తే ఒక పేరు పెడతారండి, ఓడల మీదంతా అదే అలవాటు. దీని పేరు..." చుట్టూ చూశాడు. కుర్చీలో రిబ్బను ముక్కలతో కూర్చున్న విగ్రహం కనిపించింది. "త్రివిక్రమ మన్‌హాటన్ అండి! మన ఆయుర్వేదం కలిసిన ఏకైక మన్‌హాటన్ ఇదేనండి!"

మంత్రిగారి ముఖం చాటంత అయింది.

"ఆయుర్వేదమా? ముందే చెప్పరేమయ్యా! పరాయి సరుక్కి మన సంస్కారం అద్దారన్నమాట! దీన్నే రాష్ట్ర అధికారిక పానీయంగా పరిశీలిస్తామని ప్రకటిస్తున్నాను!"

మేళం రెట్టింపు ఊపుతో అందుకుంది. బ్రాండు అక్కడికక్కడే రిజిస్టరైంది. కానీ గవరయ్య కదల్లేదు.

"బ్రాండు ఇప్పుడు రిజిస్టరైంది సార్. ఉత్పత్తి అంతకుముందే జరిగింది. ఆ మధ్య కాసేపూ ఇది అక్రమ డిస్టిలరీ. సీలు వెయ్యక తప్పదు సార్."

త్రివిక్రమరావు తన శిష్యుడికేసి చాలాసేపు చూశాడు. ఆ సర్క్యులర్ రద్దు చేస్తున్నానని ఒక్క ముక్క రాస్తే చాలు, లేచి ఇంటికి పోవచ్చు. పెన్ను జేబులోనే ఉంది.

ఆయన మెల్లగా చొక్కా పైకెత్తాడు.

"నిబంధన నిబంధనే. వెయ్యి గవరయ్యా. లక్క మరీ వేడిగా లేకుండా చూడు."

*

ఇది జరిగి నాలుగు నెలలైంది.

సూపరింటెండెంట్ ఇంకా సాగరమాధురిలోనే ఉన్నాడు. మూడు రోజులకి సరుకు అరిగి విడుదల కావలసిందే. కానీ లైసెన్సున్న ఉత్పత్తి కేంద్రం రోజూ పనిచేయకపోతే లైసెన్సు రద్దవుతుంది. అందుకని ప్రతి సాయంత్రం ఉత్పత్తి జరుగుతోంది, నిల్వ పెరుగుతోంది, విడుదల వాయిదా పడుతోంది. ఆఫీసునే ఆయన గదికి మార్చారు. సముద్రం వైపు గది. తీరానికి దగ్గర కదా అని ఎవరో అంటే, ఇది కట్టడం కాదు, మనిషి అని ఆయనే తీర్పిచ్చాడు. ఆయన ఫైళ్ళ మీద ఇంత చురుగ్గా సంతకాలు చేయడం ఇదివరకెప్పుడూ చూడలేదని సిబ్బంది చెప్పుకుంటున్నారు.

డ్రై మన్‌హాటన్ కోసం డిప్యూటీ సూపరింటెండెంట్ పొట్ట మంజూరైంది. నల్ల మన్‌హాటన్‌కి పోటీ గట్టిగా ఉంది. తాము మద్యం ముట్టలేదని రాసిచ్చి విశాఖ బదిలీ కోరుతూ రాష్ట్రం నలుమూలల నుంచీ అధికారుల దరఖాస్తులు గుట్టపడుతున్నాయి. హోటల్లో గది ఖాళీ లేదు. సూర్యకళకి ప్రమోషను వచ్చింది.

ఎల్లాజీ పర్మినెంటయ్యాడు. హోదా డిస్టిలరీ ఆపరేటరు. పని తక్కువ. సాయంత్రం ఒకసారి, చూడవచ్చిన జనం ముందు సైరన్ కూసి, సూపరింటెండెంట్ గారికి పోసి, కుర్చీ తిప్పి, చెర్రీ పెట్టి, ఇంటికి పోవడమే. పెట్టెలో నూకరత్నం ఎండుచేపలు దాస్తోంది. చేతులు మాత్రం అప్పుడప్పుడూ ఊరికే గాల్లో చెంచా తిప్పుతుంటాయి.

నిన్న సాయంత్రం కెప్టెన్ సామ్యూల్ వచ్చాడు. తన పాత బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"ఒరే ఎల్లాజీ, నా గ్లాసు కోర్టు నుంచి వచ్చిందా?"

"చెర్రీని ఇంకా విచారిస్తన్నారండి."

"పోనీ, కొత్తది ఒకటి?"

"సూడ్డానికైతే వీలవుద్దండి. ముందువరస కుర్చీ ఏయిస్తాను."

కెప్టెన్ ముందువరసలో కూర్చున్నాడు. సైరన్ కూసింది. రై, వెర్మూత్, చుక్కలు, ఐసు. కుర్చీ తిరిగింది. చెర్రీ లోపలికి పోయింది. త్రివిక్రమరావు కళ్ళు మూసుకుని, తృప్తిగా, గట్టిగా, ప్రజల వైపు తిరిగి త్రేన్చాడు.

కెప్టెన్ ముక్కుపుటాలు అదిరాయి. మిరియపు ఘాటు. మూలికల తీపి. అడుగున సన్నగా చెర్రీ. ఆ పరాయి రేవు గాలి. ఆయన కళ్ళు మూసుకుని గుండెలనిండా పీల్చుకున్నాడు.

వెనకనుంచి గవరయ్య చెయ్యి ఆయన భుజమ్మీద పడింది.

"ఊపిరి వదలొద్దు!" అన్నాడు గవరయ్య. "రవాణా పర్మిట్ చూపించండి."